పది నిమిషాల అభిమానం

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా నిలదీసి అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు. మన ప్రమేయం లేకుండా మన డబ్బు మన దగ్గర్నుంచి వెళ్ళిపోవడమే నాగరికత. (దొంగతనానికీ దీనికీ తేడా ఏమిటని కొందరు అమాయకులు అడుగుతుంటారు. దొంగ రసీదు ఇవ్వడు.) వెనకటి మనిషి పాపం బిల్లు వస్తే జేబు తడుముకుని, నోట్లు లెక్కపెట్టి, నిట్టూర్చి, తన చేత్తో తానే కట్టుకునేవాడు. ఆ మోటు రోజులు పోయాయి. ఇప్పుడు 'ఆటోపే' వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా తనంతట తానే పుడుతుంది, తనంతట తానే తీరిపోతుంది. మధ్యలో మనిషి చేయవలసిన పని సంపాదించడం ఒక్కటే.

ఇంతటి నాగరికత ఆ ఊళ్ళో అందరికన్నా ఆలస్యంగా చేరింది గడియారాల మేస్త్రీ ఇంటికి. విచిత్రం ఏమిటంటే, ఆయన జన్మలో దేనికీ ఆలస్యం చేసినవాడు కాడు. బజారు మలుపులో ఆరడుగుల వెడల్పు కొట్టు, కంటికి తగిలించుకునే భూతద్దం, గోడ నిండా యాభై రెండు గడియారాలు. ఆ యాభై రెండూ ఒక్క మాట మీద ఉండి, అసలు సమయానికి పది నిమిషాలు ముందు నడిచేవి. అది పొరపాటు కాదు, సిద్ధాంతం. "సరైన టైము చూపించే గడియారం మనిషిని సరిగ్గా టైముకే తీసుకెళ్తుంది. అంటే అప్పటికే ఆలస్యమైనట్టు కదా!" అనేవాడు మేస్త్రీ. బాగుచేయడానికి వచ్చిన ప్రతి వాచీనీ పది నిమిషాలు ముందుకు తిప్పి మరీ ఇచ్చేవాడు. దానికి వేరే డబ్బు పుచ్చుకునేవాడు కాదు. వాచీ పెట్టుకుని బయల్దేరినవాళ్ళు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని వంక చూసి, పెదవులు కదిపేవారు. తన పనితనానికి లోలోపల దండం పెట్టుకుంటున్నారని మేస్త్రీ మురిసిపోయేవాడు.

కార్డు బిల్లు ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం పదింటికి వచ్చేది. కట్టడానికి అయిదో తారీఖు సాయంత్రం అయిదింటి దాకా గడువు. మేస్త్రీ మాత్రం ఒకటో తారీఖున కొట్టు మూసి, కార్డు కంపెనీ ఆఫీసుకి తొమ్మిదిన్నరకే చేరుకుని, మెట్ల మీద రుమాలు పరచుకుని కూర్చుని, బిల్లు కళ్ళు తెరవగానే కట్టేసి ఇంటికొచ్చేవాడు. ముందు రోజు నుంచే ఇంట్లో హడావిడి మొదలయ్యేది.

"బిల్లొస్తోందంటే చాలు, మనింట్లో పురిటి నొప్పులొచ్చినట్టు పరుగులు పెడతారు. ఇంతకీ కాన్పు ఎవరికండీ?" అని అడిగేది ఆయన భార్య. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

ఆవిడ తమ్ముడు సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు. ఆ ఇంటి వరకు కొత్త శతాబ్దం అంటే అతనే. ఒక ఆదివారం అతను బావగారి అవస్థ చూడలేకపోయాడు.

"ఇంకా మెట్ల మీద కూర్చోవడమేంటి బావా? 'నిశ్చింత' అని ఒక యాప్ ఉంది. ఒక్కసారి పెట్టేస్తే ఇక నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నేను లేకపోయినా కట్టేస్తుందా?"

"అదే కదా దాని గొప్పతనం! మనిషి ఆగిపోయినా బిల్లు ఆగదు."

మేస్త్రీకి ఈ మాట గుండెల్లో నాటుకుంది. ఇన్నేళ్ళలో గడియారం గురించి కూడా ఎవరూ ఇంత భరోసా ఇవ్వలేదు. అప్పటికప్పుడు ఫోను కొన్నాడు. ఫోను తన సమయం తానే ఎక్కడి నుంచో తెచ్చుకుంటుందని బావమరిది చెబితే మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "పరాయివాళ్ళ దగ్గర టైము అరువు తెచ్చుకునే వస్తువు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అని, ఆ సదుపాయం ఆపించి, తన చేత్తో దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడు. యాభై మూడో గడియారం కుటుంబంలో చేరింది.

యాప్ మర్యాదగా ప్రశ్నలు వేసింది. బిల్లు ఎప్పుడు కట్టమంటారు? మొదటి మార్గం, 'బిల్లు రాగానే'. దీనికి నెలనెలా అదనపు చందా. రెండోది, 'గడువు రోజు ఆఖరి నిమిషంలో'. దీని పక్కన 'మా సిఫారసు' అని పసుపు రంగులో ఒక నక్షత్రం. (ఊళ్ళో ముప్పాతిక మంది దీన్నే ఎంచుకున్నారు, లేదా చేత్తో కట్టినా అదే పద్ధతి పాటించారు.) ఆఖరి నిమిషం అన్న మాట చూసి మేస్త్రీ ఫోనుని బూతు పుస్తకంలా బోర్లించాడు. మూడోది, 'మీరు చెప్పిన తారీఖు, మీరు చెప్పిన గంట'. ఇది ఉచితం.

"ఒకటో తారీఖు పదింటికి బిల్లొస్తుందని లోకమంతటికీ తెలుసు. దానికి చందా ఎందుకు? ఒకటో తారీఖు, పది గంటలు అని కొట్టు. కార్డు మీద అప్పటికి ఎంతుంటే అంత కట్టెయ్యమను" అన్నాడు మేస్త్రీ.

చివరగా 'ప్రశాంత విధానం కావాలా?' అని అడిగింది. ఖాతాదారుడికి రక్తపోటు పెంచగల సందేశాలన్నిటినీ ఆ విధానంలో 'తర్వాత చూద్దాం' అనే సంచిలో వేసి, శుభవార్తలు మాత్రమే చూపిస్తారు. వద్దనడానికి మేస్త్రీకి కారణం కనిపించలేదు.

మొదటి ఒకటో తారీఖున ఆ ఇంట్లో జరిగిన సంబరం వర్ణించడానికి మాటలు చాలవు. బల్ల మీద ఫోను నిలబెట్టారు. చుట్టూ ముగ్గురు చేరారు. "పది, తొమ్మిది, ఎనిమిది..." అని టీచరు వెనక్కి లెక్కపెట్టింది. సరిగ్గా పదింటికి (ఇంటి లెక్క ప్రకారం) ఫోను కిలకిలమంది. తెర మీద అరచేయంత ఆకుపచ్చ టిక్కు వికసించింది. 'చెల్లింపు సఫలం! మీరు ఎంత మంచివారు!' అని కింద రాసింది. బావమరిది ఈల వేశాడు. మేస్త్రీ ఏ ఆధారమూ లేకుండా గాలిలో తేలాడు. తేలి, కిందికి దిగి, భార్య చేతులు పట్టుకుని వంటగది గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా మూడు చుట్లు తిప్పాడు. "వదలండీ, స్కూలుకి టైమవుతోంది" అంటూనే ఆవిడ నాలుగో చుట్టు కూడా తిరిగింది.

అలా పద్నాలుగు నెలలు గడిచాయి. పద్నాలుగు టిక్కులు, పద్నాలుగు నాట్యాలు. మధ్యలో ఒక చిన్న సంగతి మాత్రం టీచరు కంట పడింది. తినేది అదే, కొనేది అదే, కట్టే మొత్తం మాత్రం నెలనెలా పెరుగుతోంది. యాప్‌ని అడిగితే, 'మీ జీవన ప్రమాణం పెరుగుతోంది. అభినందనలు!' అంది. ఏ విధంగా పెరిగిందో చూద్దామని భార్యాభర్తలు ఇల్లంతా కలయతిరిగారు. అదే కుర్చీ, అదే కారే పంపు. బహుశా లోపలి నుంచి పెరుగుతోందేమో అనుకుని ఊరుకున్నారు.

ఇంతలో మునిసిపల్ ఆఫీసు గోడ మీద ఒక నోటీసు అంటించారు. 'నాలుగు రోడ్ల కూడలిలోని గడియార స్తంభానికి సంరక్షకుడు కావలెను.'

ఆ స్తంభం గడియారం ఆరేళ్ళ కిందట రెండూ ముప్పై అయిదుకి ఆగిపోయింది. దాన్ని ముప్పై ఏళ్ళు నడిపించింది మేస్త్రీకి పని నేర్పిన గురువు. ఆయన పోయిన నెలకే అదీ ఆగింది. ఆ తర్వాత మేస్త్రీ ఆ కూడలి దాటేటప్పుడు తలెత్తేవాడు కాదు. ఎంత మంది 'చిన్నదేదో అడ్డుపడి ఉంటుంది, ఎక్కి చూడవయ్యా' అన్నా ఎక్కలేదు. అధికారం లేకుండా ఒకరి గడియారం మీద చెయ్యి వెయ్యడం ఆయనకి తెలియదు. ఆ ముల్లుని మళ్ళీ కదిలించడం తప్ప ఈ జన్మకి ఆయనకి మరో కోరిక లేదు. నోటీసు చదివి, కొట్టుకి తిరిగొచ్చి, భూతద్దం తీయకుండానే కాసేపు ఏడ్చాడు.

దరఖాస్తుకి గడువు అయిదో తారీఖు సాయంత్రం అయిదు గంటలు. జత చేయవలసిన కాగితం ఒక్కటే: సమయపాలన ధ్రువపత్రం. దీన్ని జారీ చేసేది కార్డు కంపెనీ. (దేశంలో ఏ మనిషి ఏ వేళకి ఏం చేస్తున్నాడో అంత శ్రద్ధగా కనిపెట్టి చూసేవాళ్ళు వేరే ఎవరున్నారు?)

మేస్త్రీ ధీమాగా ఫోను తీసి యాప్‌ని ధ్రువపత్రం అడిగాడు. ఆరోజు మూడో తారీఖు. పద్నాలుగో టిక్కు వచ్చి రెండు రోజులే అయింది. యాప్ ఒక్క క్షణం ఆలోచించి జవాబిచ్చింది: 'మీ శ్రేణి: దీర్ఘకాలిక ఆలస్యకర్త (వజ్రం).'

మేస్త్రీ దాన్ని రెండుసార్లు చదివాడు. 'తర్వాత చూద్దాం' సంచి తెరిచి చూస్తే అందులో రెండు వందల పదకొండు సందేశాలున్నాయి. మొదటివి ప్రాధేయపడుతున్నాయి, మధ్యవి గద్దిస్తున్నాయి, చివరివి కొత్త వజ్ర శ్రేణి సభ్యుడిగా ఆహ్వానిస్తున్నాయి.

కార్డు కంపెనీ హాలు చల్లగా, తెల్లగా ఉంది. గోడకి గడియారం లేదు. ఖాతాదారులకు ప్రశాంతత కోసం తీసేశారట. నలభై నిమిషాల తర్వాత మేస్త్రీ నంబరు పిలిచారు. ఆలస్య నిర్ధారణ అధికారిణి నవ్వు ముఖంతో కూర్చోమంది. ఫోనులోని పద్నాలుగు టిక్కులనీ మేస్త్రీ ఒక్కొక్కటిగా చూపించాడు.

"చాలా బాగున్నాయి సార్. కాకపోతే మీ డబ్బు ప్రతి నెలా తొమ్మిదీ యాభైకి వచ్చింది. బిల్లు పుట్టేది పదింటికి."

"తొమ్మిదీ యాభై ఏంటమ్మా? పదింటికే..." అని మేస్త్రీ ఆగిపోయాడు. ఫోను వంక చూశాడు. తన పది నిమిషాలు తననే చూస్తున్నాయి.

"బిల్లు పుట్టకముందు కట్టింది బిల్లు కట్టినట్టు కాదండీ. బిడ్డ పుట్టకముందే బడిలో వేస్తామా? అందుకే పాత బకాయి, ఆలస్య రుసుముతో కలిసి, నెలనెలా పెరుగుతూ వచ్చింది."

"మరి ఇన్ని నెలల డబ్బూ ఏమైంది?"

"భద్రంగా ఉంది సార్. 'ముందస్తు అభిమానం' ఖాతాలో ఉంది. ఏ కారణమూ లేకుండా మనిషి కంపెనీకి డబ్బిస్తే దాన్ని మేము అభిమానం అంటాం. ఈ ఊళ్ళో మీ అంత అభిమానం ఇంకెవరికీ లేదు."

"దాన్ని బిల్లులో సర్దెయ్యండమ్మా."

ఆవిడ నొచ్చుకుంది. "అభిమానాన్ని బకాయిలో సర్దుకుంటారా సార్? కంపెనీ అంత దిగజారలేదు."

"పోనీ, వెనక్కిచ్చెయ్యండి."

"దానికి ఫారం ఉంది. కానీ ఆ ఫారం తీసుకోవాలంటే ఆలస్యం లేని రికార్డు ఉండాలి."

మేస్త్రీ ఫారం సంగతి వదిలేశాడు. బల్ల గట్టిగా పట్టుకుని, అసలు విషయానికి వచ్చాడు. గడియార స్తంభం గురించి చెప్పాడు. గురువుగారి గురించి చెప్పాడు. అధికారిణి మనసు కరిగింది. (కరిగినట్టు కంప్యూటరులో నమోదు చేసింది.)

"ఒక దారి ఉంది సార్. ఈ నెల బిల్లు ఒక్కటి సక్రమంగా కట్టండి. పాత ఆలస్యాలన్నీ కంపెనీ మరిచిపోతుంది. డబ్బు మాత్రం గుర్తుంచుకుంటుంది. అక్కడికక్కడే ధ్రువపత్రం ఇచ్చేస్తాం."

"ఇప్పుడే కట్టేస్తాను!"

"అమ్మో, తొందరపడకండి. మీరు అభిమాన ఖాతాదారులు కదా. మీ దగ్గర్నుంచి ఎప్పుడు డబ్బొచ్చినా మా కంప్యూటరు అభిమానమే అనుకుంటుంది. గడువు రోజు ఆఖరి పావుగంటలో వస్తే మాత్రం అనుమానించి, మామూలు చెల్లింపుగా రాసుకుంటుంది. అయిదో తారీఖు సాయంత్రం, నాలుగూ నలభై అయిదుకీ అయిదుకీ మధ్య. అంతకు ముందూ వద్దు, ఆ తర్వాతా వద్దు."

ఆ రెండు రోజులూ మేస్త్రీకి అన్నం సహించలేదు. కట్టవలసిన డబ్బు జేబులో పెట్టుకుని కట్టకుండా తిరగడం ఎంత నరకమో అనుభవిస్తే గాని తెలియదు. దారిలో ఎదురైనవాళ్ళందరూ తనని ఎగవేతదారుడిలా చూస్తున్నారనిపించింది. ఇంట్లో బావమరిది ఆటోపే రద్దు చేయడానికి యాప్‌తో కుస్తీ పట్టాడు. రద్దుకి కారణం చెప్పమని అది రెండు మార్గాలిచ్చింది: 'చాలా సంతోషంగా ఉన్నాను', 'భరించలేనంత సంతోషంగా ఉన్నాను'.

"పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది బావా, తీయడానికి రెండు తరాలు పట్టేట్టుంది" అని అతను ఫోను పక్కన పడేశాడు.

అయిదో తారీఖు మధ్యాహ్నం మేస్త్రీ కొట్టు తలుపు మూసి, జీవితంలో మొదటిసారి ఒక అకృత్యానికి ఒడిగట్టాడు. తన జేబు గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పి, సరైన సమయానికి పెట్టాడు. గోడ మీది యాభై రెండూ చూస్తుండగానే పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి చెప్పుకునేవి కావు.

నాలుగున్నరకి కార్డు కంపెనీ హాలులో కౌంటరు ఎదురుగా కూర్చున్నాడు. స్కూలు వదలగానే టీచరు కూడా వచ్చి పక్కన కూర్చుంది. రోడ్డుకి అవతలే మునిసిపల్ ఆఫీసు. అక్కడ దరఖాస్తు పట్టుకుని బావమరిది నిలబడ్డాడు. ధ్రువపత్రం చేతికి రావడమే తరువాయి.

మేస్త్రీ గడియారం వంక చూసిన కొద్దీ కాళ్ళు కౌంటరు వైపు లాగేస్తున్నాయి. కౌంటరు తెరిచి ఉండగా కట్టకుండా కూర్చోవడం ఆ కాళ్ళకి అలవాటు లేదు. రెండుసార్లు లేచాడు. రెండుసార్లు భార్య చొక్కా పట్టుకుని లాగింది.

"ఏమోయ్, నా వల్ల కాదు. ఇది నీ దగ్గర పెట్టుకో. నాలుగూ నలభై అయిదు కాగానే చెప్పు" అని గడియారం ఆవిడ చేతిలో పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆవిడ బుద్ధిగా గడియారం చూస్తూ కూర్చుంది. హాలులో ఒక్కొక్కరే కట్టి వెళ్ళిపోతున్నారు. నేల తుడిచే ఆవిడ బకెట్ తెచ్చింది. ఎక్కడో ఇనుప తలుపు సగం దించిన చప్పుడైంది. మేస్త్రీ కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఇంకా కాలేదా?"

"ఇంకా రెండు నిమిషాలుందండీ."

ఆ రెండు నిమిషాలూ రబ్బరులా సాగుతున్నాయి. మేస్త్రీ ఓపలేక ఒక కన్ను తెరిచి భార్య చేతిలోకి చూశాడు. నాలుగూ యాభై మూడు.

"యాభై మూడు! ఏమోయ్, యాభై మూడయింది!"

"అబ్బా, కంగారుపడకండి. పది తీసెయ్యాలి కదా. నలభై మూడు."

"పది తీసెయ్యడమేంటి?"

"మీ గడియారం కదండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ తీస్తూనే ఉన్నాను."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ?"

"మీ అమ్మగారే నేర్పారు. 'వాడి గడియారంలో పది తీసేసుకో తల్లీ, వాడికి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు. మా తమ్ముడూ తీస్తాడు. మా స్కూల్లో మీ దగ్గర వాచీ బాగుచేయించుకున్న వాళ్ళందరూ తీస్తారు. ఊరంతా తీస్తుంది."

గుమ్మం దగ్గర ఆగి పెదవులు కదిపిన వాళ్ళందరూ మేస్త్రీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డారు. అది దండం కాదు, తీసివేత. ఇన్నేళ్ళుగా ఊరికి తాను ప్రేమగా పంచిపెట్టిన పది నిమిషాలనీ ఊరు ఎప్పటికప్పుడు అంతే ప్రేమగా పారబోస్తూ వచ్చింది. ఇంకో రోజైతే అక్కడే కూలబడేవాడు. ఆ రోజు అంత తీరిక లేదు.

"ఈ ఒక్కసారికీ తీయకు! నేను సరిగ్గా పెట్టాను!" అని అరిచి, బకెట్ మీంచి దూకి, కౌంటరు మీద డబ్బు కుమ్మరించాడు.

నాలుగూ యాభై అయిదుకి కంప్యూటరు ఆ డబ్బుని ఎగాదిగా చూసి, అనుమానించి, మామూలు చెల్లింపుగా రాసుకుంది. నాలుగూ యాభై ఏడుకి ధ్రువపత్రం అచ్చయింది. 'ఈ ఖాతాదారుడు గడువుకు అయిదు నిమిషాల ముందు చెల్లించి తన సమయపాలనను నిరూపించుకొనెను' అని అందులో రాసి ఉంది. దాన్ని గాలిలో ఊపుకుంటూ మేస్త్రీ, చెప్పులు చేత్తో పట్టుకుని టీచరు, వెనకాల ఎందుకో బకెట్ ఆవిడ కూడా రోడ్డు దాటారు. "రా బావా, రా రా!" అని బావమరిది మెట్ల మీద గంతులేశాడు. అయిదుకి అర నిమిషం ఉందనగా దరఖాస్తు గుమాస్తా చేతిలో పడింది. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని, ఊపిరాడక, నవ్వాపుకోలేక, మునిసిపల్ ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డారు.

ఉద్యోగం మేస్త్రీకే వచ్చింది. (వేరే దరఖాస్తులేవీ రాలేదు. అందరూ గడువు రోజు ఆఖరి నిమిషంలో ఇద్దామనుకున్నారు.) స్తంభం ఎక్కి చూస్తే గేరులో ఒక పిచ్చుక గూడు అడ్డం పడి ఉంది. దాన్ని పదిలంగా తీసి పక్కన గోడ సందులో పెట్టి, నూనె వేసి, ముల్లుని కదిలించాడు. ఎంతకి పెట్టాలో ఆయన చేతికి తెలుసు. పది నిమిషాలు ముందుకి. చెయ్యి అటే వెళ్ళింది కూడా. కానీ ఆ పది నిమిషాలకి ఊళ్ళో ఏ గతి పడుతుందో ఇప్పుడు ఆయనకి తెలుసు. కళ్ళు తుడుచుకుని, సరైన సమయానికి పెట్టాడు. ఆరేళ్ళ తర్వాత కూడలిలో గంట మోగింది. కింద జనం చప్పట్లు కొట్టారు. పైన మేస్త్రీ, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కడే నాట్యం చేశాడు.

మరుసటి నెల అయిదో తారీఖున ఊరంతా మామూలుగానే ఆఖరి నిమిషంలో బిల్లు కట్టడానికి బయల్దేరింది. బయల్దేరే ముందు అందరూ తలెత్తి స్తంభం గడియారం చూశారు. దాన్ని బాగుచేసింది ఎవరో అందరికీ తెలుసు. అందరూ పెదవులు కదిపి, పది తీసేసి, ఇంకా బోలెడంత టైముందనుకుని, నింపాదిగా నడిచారు.

కార్డు కంపెనీ చరిత్రలో అంత ఆలస్య రుసుము ఒక్క రోజులో ఏనాడూ రాలేదు. ఆనందం పట్టలేక మేస్త్రీకి సన్మానం తలపెట్టారు. 'సమయపాలన రత్న' అని బిరుదు, ఒక కొత్త కార్డు. పై నెల అయిదో తారీఖు సాయంత్రం అయిదింటికి, కంపెనీ హాలులోనే. సన్మానానికి రాదలచినవాళ్ళందరూ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆలస్యంగా వచ్చినవారికి నిబంధనలు వర్తిస్తాయి.

మేస్త్రీ సరిగ్గా అయిదింటికి వెళ్ళాడు. అంత ఆలస్యంగా ఆయన ఎక్కడికీ వెళ్ళి ఎరుగడు. వేదిక మీద అధికారిణి ఒక్కతే ఉంది. ఎదురుగా రెండు వందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. శాలువా మోకాళ్ళ మీద పెట్టుకుని ఇద్దరూ పది నిమిషాలు ఒకరినొకరు చూసుకున్నారు.

అయిదూ పదికి ఊరంతా ఒక్కసారిగా వచ్చింది. అందరికన్నా ముందు, స్కూలు చీర కట్టుకుని, నవ్వుతూ ఆయన భార్య.

"నువ్వు కూడానా? ఆ గడియారం నేను సరిగ్గా పెట్టానని నీకు తెలుసు కదే" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ నాలుక కరుచుకుంది. "తెలుసండీ. అలవాటు. చూడగానే చెయ్యి... లెక్క దానంతట అదే తీసేస్తుంది."

అంతలో రెండు వందల జేబుల్లో రెండు వందల ఫోన్లు ఒక్కసారిగా కిలకిలమన్నాయి. సభకి ఆలస్యంగా వచ్చినందుకు రుసుము అందరి కార్డుల మీదా ఆటోమేటిక్‌గా పడింది. ఆకుపచ్చ టిక్కు చూసి జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్ళో ఈ రోజుకీ సరిగ్గా వేళకి జరిగేది అదొక్కటే.